విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన చేయాలనుకునే యువ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. వీరిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వారే. కొన్ని ప్రశ్నలకు రెండు మాటల్లో జవాబు చాలు. కొన్నింటికి చాలదు కాబట్టి అక్కడ తీరిగ్గానే చెప్పాను. నిబంధనలు మారుతూ ఉంటాయి, దరఖాస్తు పెట్టే ముందు ఆయా సంస్థల తాజా ప్రకటన తప్పకుండా చూసుకోండి.

మన ప్రాంతపు సమస్యకు విదేశీ భాగస్వామి ఎందుకు? మనమే చేసుకోలేమా?

చాలావరకు చేసుకోగలం, చేసుకోవాలి కూడా. అయితే కొన్ని ప్రశ్నలకు ఒక్కచోట నిలబడి జవాబు వెతకడం కుదరదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా వెంటాడుతోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికీ వస్తోంది. నీటి మీద, నేల మీద, పురుగుమందుల మీద, వంశపారంపర్యం మీద అనుమానాలు వచ్చాయి. ఏ ఒక్కటీ తిరుగులేని కారణంగా తేలలేదు.

ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు వస్తోంది. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు వస్తోంది. అక్కడి పరిశోధకులు ఎండలో గంటల తరబడి కష్టం చేయడం, ఒంట్లో నీరు ఇంకిపోవడం మీద ఎక్కువగా దృష్టి పెట్టారు. శ్రీలంకలో తాగునీటి మీద ఎక్కువ చర్చ నడిచింది. ఈ మూడు చోట్లా ఒకే పద్ధతిలో రక్తం, మూత్రం, నీరు పరీక్షించి, ఒకే కొలతలతో పోల్చినప్పుడే ఏ కారణం అన్నిచోట్లా నిలుస్తుందో, ఏది ఒక్కచోటికే పరిమితమో తెలుస్తుంది. ఉద్దానం ఒక్కదానినే ఎంత లోతుగా చూసినా ఆ పోలిక దొరకదు. విదేశీ భాగస్వామ్యం అవసరమని నేను గట్టిగా చెప్పేది ఇలాంటిచోటే. పేరు కోసం, ర్యాంకు కోసం అయితే అక్కర్లేదు.

మా విశ్వవిద్యాలయానికి, విదేశీ విశ్వవిద్యాలయానికి ఎంఓయూ కుదిరింది. ఇక పరిశోధన మొదలైనట్లేనా?

కాదు. ఎంఓయూ అంటే కలిసి పని చేయాలన్న ఉద్దేశాన్ని చెప్పే అవగాహన పత్రం. సాధారణంగా అందులో డబ్బు మాట ఉండదు, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో ఉండదు, చట్టపరంగా కట్టిపడేసే షరతులు కూడా దాదాపు ఉండవు. ఉపకులపతులు సంతకాలు చేసి, శాలువాలు కప్పుకొని, ఫొటో పత్రికలో వచ్చాక అయిదేళ్లపాటు ఒక్క ఉత్తరం కూడా నడవని ఎంఓయూలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ సంతకాల కోసం వెచ్చించిన శ్రద్ధలో సగం ఇద్దరు అధ్యాపకులను ఒక గదిలో కూర్చోబెట్టడానికి వెచ్చిస్తే ఒక ప్రాజెక్టు పుట్టేది.

పని నడిపించేది ప్రాజెక్టు ఒప్పందం. బాధ్యతలు, ఖర్చు, నమూనాలు, సమాచారం, రచయితల పేర్లు, మేధోసంపత్తి, వివాదం వస్తే ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది, మధ్యలో ఒకరు తప్పుకుంటే ఏమవుతుందన్నది అందులో రాసుకోవాలి. మంచి భాగస్వామ్యాలు చాలావాటికి ముందు ఇద్దరు పరిశోధకుల స్నేహం, తరువాత ఒక చిన్న పని, ఆ తరువాతే ఎంఓయూ వచ్చాయి.

భాగస్వామిని ఎలా వెతుక్కోవాలి?

మీరు రోజూ చదివే పరిశోధన పత్రాల్లోనే వెతకండి. మీ ప్రశ్నకు దగ్గరగా ఎవరు పని చేస్తున్నారు, వాళ్ల పనిలో మీరు పూడ్చగల లోటు ఏమిటి అన్నది చూడండి. ర్యాంకుల జాబితా తెరిచి పైనుంచి కిందికి ఉత్తరాలు రాసుకుంటూ పోతే ఫలితం ఉండదు. విదేశీ ఆచార్యులను మన సంస్థలకు రప్పించి చిన్న కోర్సులు చెప్పించే ‘జ్ఞాన్’ పథకం 2015లో మొదలైంది. అలా వచ్చినవారితో ఒక వారం కలిసి గడిపినప్పుడు కుదిరిన ప్రాజెక్టులు నాకు తెలుసు. విదేశాల్లో స్థిరపడిన తెలుగు ఆచార్యులు చాలామంది సొంత ప్రాంతానికి ఏదైనా చేయాలన్న తపనతో ఉంటారు. అదొక మంచి దారి. కానీ ఊరి అభిమానం ఒక్కటే చాలదు, విషయం కలవాలి.

మొదటి ఉత్తరంలో ఏం రాయాలి?

ఒక పేజీ దాటకండి. ‘మీ మార్గదర్శకత్వంలో పని చేసే అవకాశం ప్రసాదించగలరు’ అనే ధోరణి వద్దు. మీరు సాటి పరిశోధకులుగా రాస్తున్నారు. వారి పత్రాల్లో ఒకదాన్ని పేర్కొని, అందులో మీకు తోచిన ప్రశ్న ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పండి. తరువాత మీ దగ్గర ఏముందో చెప్పండి: పదిహేనేళ్ల బావుల నీటిమట్టం లెక్కలా, ఫలానా మండలంలో వేరుశనగ రైతులతో ఉన్న పరిచయమా, ఒక గిరిజన భాషలో రికార్డు చేసిన సంభాషణలా? చివరగా, అరగంట వీడియోలో మాట్లాడుకుందామా అని అడగండి. మొదటి ఉత్తరంలోనే ఎంఓయూ ముసాయిదా జతచేసి పంపితే చాలామంది జవాబివ్వరు. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తు చేయడంలో తప్పేమీ లేదు.

నిధులు ఎవరిస్తారు?

ఒక్కో దేశంతో ఒక్కో ఏర్పాటు ఉంది. ఫ్రాన్స్‌తో ఉమ్మడి పరిశోధన కేంద్రం సెఫిప్రా 1987 నుంచి నడుస్తోంది. అమెరికాతో ఉమ్మడి శాస్త్ర సాంకేతిక వేదిక 2000లో, జర్మనీతో ఉమ్మడి శాస్త్ర సాంకేతిక కేంద్రం 2010లో ఏర్పడ్డాయి. బ్రిటన్‌తో యూకేఐఈఆర్ఐ అనే విద్యా పరిశోధన కార్యక్రమం, ఆస్ట్రేలియాతో వ్యూహాత్మక పరిశోధన నిధి రెండూ 2006లో మొదలయ్యాయి. విదేశీ సంస్థలతో ఉమ్మడి పరిశోధన కోసం కేంద్ర విద్యాశాఖ 2018లో తెచ్చిన ‘స్పార్క్’ పథకాన్ని ఐఐటీ ఖరగ్‌పూర్ సమన్వయం చేస్తోంది. దీనిలో ఇరువైపుల సంస్థలకూ ర్యాంకుల నిబంధన ఉంటుంది కాబట్టి ముందు అర్హత చూసుకోండి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ప్రకటనలనూ గమనిస్తూ ఉండండి.

యూరప్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. 2021–27 కాలానికి నడుస్తున్న యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల కార్యక్రమం హొరైజన్ యూరప్‌లో మన సంస్థలు చేరవచ్చు, కానీ సాధారణంగా మన ఖర్చు మనమే తెచ్చుకోవాలి. ఇది తెలియక చివరి వారంలో ఉసూరుమన్నవారు చాలామంది. వ్యక్తిగతంగా మాత్రం మేరీ క్యూరీ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్‌లకు ఏ దేశపు పౌరులైనా దరఖాస్తు పెట్టవచ్చు.

రెండు దేశాలూ కలిసి నిధులిస్తాయంటే డబ్బు ఎలా వస్తుంది?

చాలా పథకాల్లో ఏ దేశం డబ్బు ఆ దేశపు పరిశోధకులకే అందుతుంది. ఇక్కడే చిక్కు. ఒక వైపు మంజూరు జనవరిలో వస్తే మరో వైపు ఆగస్టులో రావచ్చు. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, వాళ్లది డిసెంబరుతోనో జూన్‌తోనో ముగియవచ్చు. వాళ్ల పరిశోధకురాలు జీతం మీద చేరి కూర్చుంటే మన వైపు ఫెలో నియామక ప్రకటన కూడా వెలువడని స్థితి వస్తుంది. అందుకే పని ప్రణాళికలో మొదటి ఆరు నెలలు డబ్బు లేకపోయినా జరిగే పనులు పెట్టండి: పాత రికార్డుల సేకరణ, ప్రశ్నావళి తయారీ, నైతిక కమిటీ అనుమతులు. ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం సకాలంలో పంపకపోతే రెండో విడత ఆగిపోతుంది. విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగంలోని గుమస్తాతో, అకౌంట్స్ అధికారితో మొదటి రోజే మాట్లాడి పెట్టుకోండి. ఆ ఇద్దరూ ప్రాజెక్టులో అసలైన భాగస్వాములే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

విదేశీ విశ్వవిద్యాలయం నేరుగా మన ఖాతాకు డబ్బు పంపవచ్చా?

అది మీ సంస్థ ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో వచ్చింది, 2020లో మరింత కఠినమైంది. కేంద్ర, రాష్ట్ర చట్టాల ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు సంస్థలు, ట్రస్టులు నమోదు చేసుకోవాలి. విదేశీ నిధులు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. వచ్చే డబ్బు గ్రాంటా, సేవకు ప్రతిఫలమా అన్నది కూడా తేలాలి. ఇది మీరు ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు, రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

రెండు వైపులా నిజంగా మేలు జరిగిన ఉదాహరణ తెలుగు నేల మీద ఉందా?

ఉంది. ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద సముద్రాలు దాటి ఇక్కడ కూడా పడింది. లోయలో అది తెల్లటి పొరగా పేరుకుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం ఉంటుంది. ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా నాయకత్వంలో ఒక బృందం అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది.

గోతి అంచున నిలబడి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. కింద పాత నేల, దానిమీద బూడిద, దానిమీద మళ్లీ మట్టి. కింది పొరలో రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైన ఉన్న పొరలోనూ దొరికాయి. రెండింటి తయారీ తీరులో దగ్గరి పోలిక ఉంది. అంత పెద్ద విస్ఫోటనం ప్రపంచమంతటా మనుషులను దాదాపు తుడిచిపెట్టిందన్న వాదనకు ఈ లోయ గట్టి సవాలు విసిరింది. ఆ పనిముట్లు చేసినవారు ఆధునిక మానవులేనా, కాదా అన్న చర్చ ఆ తరువాత కూడా కొనసాగింది. మంచి పరిశోధన నుంచి నేను ఆశించేది కూడా అదే, అది కొత్త వాదనకు చోటిస్తుంది.

ఇందులో ఎవరు ఏం తెచ్చారో గమనించండి. కర్నూలు ప్రాంతపు లోయలు, గుహలు, రాతి రకాలు ఏళ్ల తరబడి కాలినడకన తిరిగి తెలుసుకున్న అనుభవం ధార్వాడ్ వైపు నుంచి వచ్చింది. ఇసుక రేణువులు చివరిసారి వెలుగు చూసి ఎన్నేళ్లయిందో చెప్పే కాలనిర్ణయ పద్ధతి, అగ్నిపర్వత బూడిద రసాయన పరీక్ష, రాతి పనిముట్ల విశ్లేషణల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, ఆస్ట్రేలియాలోని వులంగాంగ్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయాల వారు చేయి కలిపారు. ఎవరి భాగం లేకపోయినా ఆ పత్రం లేదు. తవ్వకానికి భారత పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి కాబట్టి భారతీయ భాగస్వామి పాత్ర పేరుకు మాత్రమే ఉండేది కాదు, పనికి మూలస్తంభం. ఒప్పందం గురించి ఎవరైనా ఉదాహరణ అడిగితే నేను ముందు ఈ లోయ సంగతే చెబుతాను.

మొక్కలు, విత్తనాలు, సూక్ష్మజీవుల నమూనాలు విదేశానికి పంపవచ్చా?

ముందు జీవవైవిధ్య చట్టం చదవండి. ఇది 2002 నాటిది, 2023లో సవరణలు వచ్చాయి. మన జీవ వనరులను విదేశీయులు పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. కేంద్రం మార్గదర్శకాలకు లోబడి ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టులకు మినహాయింపు మార్గం ఉంది. ‘ఇవి ఆకులే కదా, కవర్లో పెట్టి పంపేద్దాం’ అనే తొందర వద్దు. విమానాశ్రయంలో పట్టుబడితే నమూనాలు పోవడమే కాదు, పేరు కూడా పోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవారికి పసుపు సంగతి గుర్తు చేస్తాను. గాయాలు మానడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. మన ఇంట్లో దెబ్బ తగిలితే మొదట చేతికందే వస్తువు అది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలు, పాత పరిశోధన పత్రాలు ఆధారంగా చూపి సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ తరువాత మన సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ భాండాగారంగా నమోదు చేసే పని కూడా చేపట్టారు. గెలిచాం, నిజమే. ప్రతిసారీ అంత పోరాడే శక్తి ఒక చిన్న విభాగానికి ఉండదు. అందుకే నమూనా బదిలీ ఒప్పందం లేకుండా ఒక్క నమూనా గొట్టం కూడా గడప దాటనివ్వకండి. ఏ నమూనా, ఎంత, ఏ పరీక్షకు, మిగిలింది తిరిగి రావాలా, ధ్వంసం చేయాలా, మూడో సంస్థకు ఇవ్వవచ్చా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి.

ఒక ఆచరణాత్మక సూచన కూడా. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో నిల్వ ఉంచే గొట్టాల మీద చేతిరాత పనికిరాదు. పొడిమంచులో ప్రయాణించి వచ్చేసరికి సిరా చెరిగిపోతుంది. బార్‌కోడ్ అంటించి, అదే నంబరుతో ఇక్కడ ఒక పట్టిక, అక్కడ ఒక పట్టిక ఉంచండి. ప్రతి నమూనాలో ఒక భాగం ఇక్కడే మిగిలేలా మొదటి రోజే విడదీయండి. మొత్తం పంపేసిన విభాగం రెండో ప్రశ్న వేయాల్సివచ్చినప్పుడు భాగస్వామి దయ మీద ఆధారపడాల్సి వస్తుంది.

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు ఏ అనుమతులు కావాలి?

మీ సంస్థ నైతిక కమిటీ అనుమతి, భాగస్వామి సంస్థ కమిటీ అనుమతి, వీటికి తోడు విదేశీ సహకారం ఉన్న ఆరోగ్య పరిశోధనలకు ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన కమిటీ ఆమోదం కావాలి. దీని వ్యవహారాలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చూస్తుంది. దీనికి నెలలు పడతాయి, కాలపట్టికలో ఆ నెలలు చూపించండి.

కాగితాల కంటే ముఖ్యమైనది సమ్మతి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టు మనందరికీ పాఠం. అమెరికాకు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి దాన్ని చేపట్టింది. కొందరు బాలికల మరణాల తరువాత 2010లో దాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు. అయితే గిరిజన వసతి గృహాల్లో ఉన్న పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన విషయం బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. సమ్మతి పత్రం పార్టిసిపెంటు మాట్లాడే భాషలో ఉండాలి. కోయ మాట్లాడే తల్లికి పుస్తక భాషలోని తెలుగు పత్రం ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే అది సమ్మతి కాదు. వాళ్ల మాటల్లో చెప్పి, ఏం అర్థమైందో తిరిగి చెప్పమని అడిగి, వద్దనే హక్కు ఉందని నొక్కి చెప్పాలి. దీనికి సమయం పడుతుంది, ఆ సమయాన్ని బడ్జెట్‌లో చూపాలి.

సేకరించిన సమాచారం ఎక్కడ ఉండాలి?

ఒక ప్రతి ఇక్కడ తప్పనిసరిగా ఉండాలి. ఇది బేరానికి తావులేని విషయం అంటాను. వ్యక్తుల పేర్లు, చిరునామాలు ఉన్న పట్టిక ఇక్కడే భద్రపరచి, భాగస్వామికి సంకేత సంఖ్యలతో ఉన్న సమాచారమే పంపండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పరిశోధనకు, గణాంకాలకు షరతులతో కూడిన మినహాయింపు ఉంది. దాన్ని పూర్తి స్వేచ్ఛ అనుకోవద్దు. విశ్లేషణ కూడా ఇక్కడ జరగాలి. సమాచారం మనం పోగుచేసి, గణన అంతా అక్కడ జరిగి, తుది చిత్రపటాలు మాత్రమే మనకు వచ్చే ఏర్పాటులో మన విద్యార్థి నేర్చుకునేది ఏమీ ఉండదు.

పరిశోధన పత్రంలో పేర్ల క్రమం ఎవరు నిర్ణయిస్తారు?

పని మొదలయ్యే ముందు ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి. పెద్దాయన ఏమనుకుంటారో అన్న మొహమాటంతో ఈ మాట వాయిదా వేయడం వల్ల తెగిపోయిన స్నేహాలు చూశాను. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పరిశోధన రూపకల్పనలో గానీ సమాచార సేకరణ, విశ్లేషణల్లో గానీ చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో పాల్గొనాలి, తుది ప్రతిని ఆమోదించాలి, పత్రానికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉండాలి. విభాగాధిపతి అయినంత మాత్రాన పేరు పెట్టకూడదు. అలాగే ఎండలో ఊరూరా తిరిగి, ప్రశ్నావళిని సరిదిద్ది, విశ్లేషణలో కూర్చున్న స్థానిక పరిశోధకురాలిని కృతజ్ఞతల పేరాలోకి నెట్టకూడదు.

భౌతికశాస్త్రంలో లెక్క వేరు. హిగ్స్ అనే మౌలిక కణం ద్రవ్యరాశి మీద యూరప్ కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లోని రెండు ప్రయోగ బృందాలు 2015లో ప్రకటించిన ఉమ్మడి పత్రానికి 5,154 మంది రచయితలు. మొత్తం 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. అక్కడ అక్షర క్రమమే న్యాయం.

పేటెంటు వస్తే ఎవరిది?

ప్రాజెక్టుకు ముందు నుంచి ఎవరి దగ్గర ఉన్నది వారిదే. కలిసి కనుగొన్నది ఉమ్మడి, వాటాలు ఒప్పందంలో రాసుకోవాలి. భారత్‌లో నివసించే ఆవిష్కర్త ముందుగా విదేశంలో దరఖాస్తు పెట్టాలంటే పేటెంటు చట్టం 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి. జీవ వనరు ఆధారంగా ఉంటే జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప కూడా తొక్కాలి. అన్నిటికన్నా ముందు, సదస్సులో తొందరపడి చెప్పేయకండి. బయటపెట్టిన ఆవిష్కరణకు చాలా దేశాల్లో పేటెంటు రాదు.

ఉమ్మడి పీహెచ్‌డీ మంచిదేనా?

సరిగా నడిస్తే చాలా మంచిది. ఐఐటీ బాంబే–మొనాష్ పరిశోధన అకాడమీ 2008 నుంచి నడుస్తోంది. ఐఐటీ ఢిల్లీకి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంతో, ఐఐటీ హైదరాబాద్‌కు స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంతో ఇలాంటి ఏర్పాట్లున్నాయి. యూజీసీ 2022లో ఉమ్మడి, ద్వంద్వ డిగ్రీల నిబంధనలు తెచ్చింది. న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) స్కోరు, ర్యాంకుల ఆధారంగా కొన్ని సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే ఒప్పందం చేసుకోవచ్చు. ఉమ్మడి పీహెచ్‌డీలో రెండు చోట్లా పర్యవేక్షకులుంటారు, రెండు చోట్లా కొంతకాలం చదవాలి, సిద్ధాంత గ్రంథం మాత్రం ఒక్కటే.

చేరే ముందు విద్యార్థులు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పర్యవేక్షకులిద్దరికీ ఒకరితో ఒకరికి నిజమైన పరిచయం ఉందా? అభిప్రాయభేదం వస్తే చివరి మాట ఎవరిది? విదేశంలో ఉన్న కాలానికి ఫెలోషిప్ అక్కడి ఖర్చుకు సరిపోతుందా? ఆరోగ్య బీమా ఎవరు కడతారు? మీకంటే ముందు చేరిన ఇద్దరితో ఫోనులో మాట్లాడండి. కరపత్రం చెప్పనిది వాళ్లు చెబుతారు.

మాది చిన్న విశ్వవిద్యాలయం. మంచి పరికరాలు లేవు. మాతో ఎవరు చేతులు కలుపుతారు?

ఈ ప్రశ్న అడిగేవారి గొంతులో నిరుత్సాహం వినిపిస్తుంది. అది అక్కర్లేదు. పరికరం డబ్బుతో వస్తుంది. ముప్పై ఏళ్ల రికార్డు డబ్బుతో రాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య నగరానికి దగ్గరలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. దాదాపు సగం గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. ఏళ్లు గడిచాక, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులతో కలిసి అదే కుటుంబాల దగ్గరకు మళ్లీ వెళ్లారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండి పెద్దయ్యాక గుండె జబ్బు, మధుమేహం ముప్పు మీద ఏ ప్రభావం చూపుతుందన్నది ప్రశ్న. ఇప్పుడు అది ఏపీక్యాప్స్ పేరుతో ప్రపంచ పరిశోధకులకు తెలిసిన అధ్యయనం. దానికి పునాది ఏ ఖరీదైన యంత్రమూ కాదు, ఆ గ్రామాల పాత జాబితాలు, ఆ ఇళ్లతో ఉన్న సంబంధం.

మీ జిల్లాలో అలాంటివి ఏమున్నాయో చూడండి. నల్లగొండ ఫ్లోరైడ్ బావులు, అనంతపురం వేరుశనగ చేలు, పులికాట్ పక్షులు, మీ గ్రంథాలయంలో మూలపడి ఉన్న తాళపత్రాలు. వాటి గురించి మీ సొంత ప్రశ్న ఏమిటో ముందు రాసుకోండి. సొంత ప్రశ్న లేకుండా భాగస్వామ్యంలోకి వెళ్లిన విభాగం నమూనాలు సరఫరా చేసే గుత్తేదారుగా మిగిలిపోతుంది. సొంత ప్రశ్న ఉన్న విభాగం ఎంత చిన్నదైనా బల్లకు అవతలివైపు సమానంగా కూర్చోగలదు.

విదేశీ పరిశోధకులు పర్యాటక వీసా మీద వచ్చి క్షేత్రపని చేయవచ్చా?

చేయకూడదు. పరిశోధనకు వేరే వీసా ఉంది, దానికి ముందుగా దరఖాస్తు పెట్టాలి. అటవీ, గిరిజన ప్రాంతాలకు రాష్ట్ర శాఖల అనుమతులు అదనం. పట్టుబడితే ఇబ్బంది పడేది అతిథి కంటే ఆతిథ్యమిచ్చిన మీరే.

కాలమానం తేడాతో సమావేశాలు ఎలా?

భారాన్ని పంచుకోండి. ఒక నెల మనం రాత్రి మేలుకుంటే మరో నెల వాళ్లు తెల్లవారుజామున లేవాలి. ఎప్పుడూ మనమే మేలుకునే ఏర్పాటును ఒప్పుకోకండి.

ప్రాజెక్టు ముగిశాక పరికరాలు ఎవరికి చెందుతాయి?

నిధులిచ్చిన సంస్థ నిబంధన చూడాలి. ఈ విషయంలో జపాన్ పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడి శాస్త్ర సాంకేతిక సంస్థ, అంతర్జాతీయ సహకార సంస్థ జైకా కలిసి 2008 నుంచి నడుపుతున్న ‘శాట్రెప్స్’ కార్యక్రమంలో అభివృద్ధి చెందుతున్న దేశపు సంస్థ సామర్థ్యం పెంచడం కూడా ప్రాజెక్టు లక్ష్యమే. విపత్తుల వేళ సమాచార వ్యవస్థల మీద ఐఐటీ హైదరాబాద్ ఈ కార్యక్రమంలో జపాన్ విశ్వవిద్యాలయాలతో పని చేసింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఆ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ రుణ సహాయం కూడా అందింది, అక్కడి విద్యార్థులు పై చదువులకు జపాన్ వెళ్లే ఏర్పాటూ జరిగింది. అంటే పరికరం, మనిషి, భవనం ఒక వరుసలో వచ్చాయి. మీ ఒప్పందంలో పరికరంతో పాటు మూడేళ్ల నిర్వహణ ఖర్చు, దాన్ని నడిపే సాంకేతిక నిపుణుడి శిక్షణ అడగండి. అవి లేకపోతే ప్లాస్టిక్ కవరు కప్పిన యంత్రం ఒకటి మూలన మిగులుతుంది.

ఫలితాలను గ్రామస్తులకు చెప్పాల్సిన బాధ్యత మనదేనా?

మనదే. విదేశీ భాగస్వామి పత్రిక కోసం రాస్తారు, మంత్రిత్వ శాఖ నివేదిక అడుగుతుంది. రక్తమిచ్చిన మనిషి మాత్రం మీ వైపే చూస్తారు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి కాబట్టి ఉద్దానంలో ఇప్పుడు వైద్యం కొంత చేరువైంది, అయినా ‘మా నీళ్లలో ఏముందో తేలిందా?’ అని అడిగేవారికి జవాబు చెప్పాల్సింది అక్కడ తిరిగిన పరిశోధకులే. వ్యక్తిగత పరీక్షల్లో ప్రమాదకరమైన ఫలితం వస్తే ఆ మనిషికి వెంటనే తెలియజేసి, ఏ ఆసుపత్రికి పంపాలో సమ్మతి పత్రంలోనే రాసి పెట్టుకోండి. మొత్తం ఫలితాలను తెలుగులో నాలుగు పేజీలుగా రాసి పంచాయతీ కార్యాలయానికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఆశా కార్యకర్తలకు ఇవ్వండి. అచ్చుకు, గ్రామసభకు, ప్రయాణానికి అయ్యే ఖర్చు దరఖాస్తు బడ్జెట్‌లో విడిగా చూపండి. నిధులిచ్చే సంస్థలు సాధారణంగా అభ్యంతరం చెప్పవు, మనం అడగకపోవడమే జరుగుతోంది. ఇంకా ఏమీ తేలకపోతే, తేలలేదనే చెప్పండి. ఆ మాట కూడా గ్రామసభలో, మైకు ముందు, అందరికీ వినపడేలా చెప్పండి. మరుసటి ఏడాది మళ్లీ నమూనాలకు వెళ్లినప్పుడు తలుపు తీసేది ఆ మాట విన్నవాళ్లే.